ఎండ పక్క ఉత్తరం

ఫరీదాబాద్‌లో కూర్చుని అంటార్కిటికా మీద పనిచేశానని చెబితే ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. మే నెలలో రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే ఊళ్ళో మంచు గురించి ఏం తెలుస్తుందని వాళ్ళ సందేహం. నవ్వనివ్వండి. తొంభైల్లో నేను పనిచేసిన ప్రయోగశాల ఒక ట్రాక్టరు విడిభాగాల ఫ్యాక్టరీకీ, ఒక బిస్కెట్ల గోదాముకీ మధ్య ఉండేది. ఒక పక్కనుంచి ఇనుము కొట్టే చప్పుడు, ఇంకో పక్కనుంచి వనిల్లా వాసన. ఆ రెంటి మధ్యా కూర్చునే భూమికి అట్టడుగున రాళ్ళను పట్టుకుని బతికే నాచు ఏం చెబుతోందో విన్నాం. సరిగ్గానే విన్నాం. అందుకు ఈ రోజుకీ నాకు గర్వమే, దాచుకోను.

మొన్న మా పక్కింటి వాళ్ళమ్మాయి ఈ రంగంలోనే చేరుతున్నానని చెప్పడానికి వచ్చింది. తెలుగు పిల్లే గానీ పుట్టి పెరిగింది ఇక్కడే. "ఆంటీ, అసల్ మే కామ్ క్యా హోతా హై?" అని అడిగింది. అసలు పనేమిటి అని. మంచి ప్రశ్న. దానికి రెండు ముక్కల్లో జవాబు లేక ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కుర్చీ నుంచి ఏ కుర్చీకి మారాను అన్నవి ఇందులో ఉండవు. నేను చేసిన ఒక తప్పు, ఒక మనిషి, కాస్త నాచు ఉంటాయి.

చిటికెడు నాచు

మా అమ్మ బాపట్ల దగ్గరనుంచి వచ్చి ఢిల్లీలో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరింది. నేను కరోల్ బాగ్‌లో పెరిగాను. వృక్షశాస్త్రం చదివాక మొదటి మూడేళ్ళు హిమాలయాల్లోని కుమావూఁ కొండల్లో నాచు ఏరుకుంటూ తిరిగాను. ఆ అనుభవం చూసే ఫరీదాబాద్‌లో తీసుకున్నారు. రోజూ నిజాముద్దీన్‌లో లోకల్ రైలు ఎక్కి, నిలబడి వెళ్ళి, నిలబడి వచ్చేదాన్ని.

పని ఇదీ. ప్రతి ఏడూ వేసవి బృందం అంటార్కిటికా నుంచి ఓడలో గోవా చేరేది. అక్కడి వేసవి అంటే మనకు చలికాలం. ఓడలోని ఫ్రీజరు పెట్టెలు విమానంలో ఢిల్లీకి, వ్యానులో మా దగ్గరికి వచ్చేవి. పెట్టెల్లో చిన్న చిన్న పొట్లాలు. పొట్లంలో చిటికెడు నాచు, రాయిలా గడ్డకట్టి. దాన్ని గాజు పళ్ళెంలో నీళ్ళుపోసి నానబెట్టి, పిండి, ఆ నీటిని మైక్రోస్కోపు కింద పెట్టి, అందులో ఉన్న ప్రాణులను లెక్కపెట్టాలి. దారప్పోగులాంటి పురుగులు, ఎనిమిది బొద్దు కాళ్ళతో పాకే నీటి ఎలుగులు. నీటి ఎలుగు అంటే ఎలుగుబంటి కాదు, ఆవగింజలో సగం కూడా ఉండదు. నెలల తరబడి గడ్డకట్టి ఉన్నది కాస్తా నీళ్ళు తగలగానే కాళ్ళు కదుపుతుంది. అమ్మ ఒకసారి వచ్చి చూసి, "దీనికి డ్యూటీ నర్సు కూడా అక్కర్లేదే" అంది.

ఫరీదాబాద్‌లో కరెంటు పోతే మాత్రం మాకు ఒళ్ళు మండేది. జనరేటరు అందుకునేదాకా ఫ్రీజరు మూత మీద నేను కూర్చునేదాన్ని. మూత ఎవరూ తీయకుండా అంతకన్నా మంచి ఉపాయం నాకు ఈనాటికీ తోచలేదు.

ఈ లెక్కలన్నీ ఎందుకంటే, అక్కడ ఎండాకాలాలు మారుతున్నాయా, మారితే అక్కడి బతుకులు ఏమవుతాయి అన్నది తెలియడానికి. అందరూ అనుకునేది చలి ఒక్కటే అక్కడి సమస్య అని. అది తప్పు. అది మంచుతో కప్పిన ఎడారి. నీరంతా గడ్డకట్టి ఉంటుంది, తాగడానికి చుక్క దొరకదు. వేసవిలో ఒక మంచుమేట కరిగి, ఆ నీరు నాలుగు వారాలు రాళ్ళమీదుగా జారితే, ఆ జారిన దారిలోనే నాచు. ఆ దారి పక్కకు జరిగితే నాచు పోయినట్టే.

మా ప్రాజెక్టుకు పెద్ద, డాక్టర్ మాథుర్. పొట్టిగా, ఎప్పుడూ ఒకే బూడిదరంగు స్వెట్టరుతో ఉండేవారు. సెమినార్లలో గంటలు గంటలు మాట్లాడే రకం కాదు. ఆయన పథకం చాలా తేలిక. మన స్థావరం దగ్గర ఒక చిన్న రాతిగుట్ట ఉంది. దానికి ఉత్తరం పక్క పది, దక్షిణం పక్క పది ఇనుప మేకులు పాతాలి. ప్రతి వేసవిలో ఒక్కో మేకు చుట్టూ జానెడు మేర ఫోటో తీసి, పక్కనుంచి చిటికెడు నాచు తీసుకోవాలి. ఏటా అదే చోటు, అదే పని. ఏళ్ళు గడిస్తే నాచు ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ చస్తోందో తెలుస్తుంది. దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. నాకేమో ఆ రోజుల్లో తెలివి ఎక్కువై ఓపిక తక్కువైంది.

ఫెయిర్ కాపీ

మొదటి వేసవిలో వెళ్ళిన శాస్త్రవేత్తలకు తమ తమ పనులే తలకు మించాయి. ఈ మేకుల పని తాను చేస్తానని ముందుకొచ్చింది బృందంలో వాహనాల మరమ్మతు చూసే సైనికుడు, హవల్దారు అప్పలనాయుడు. శ్రీకాకుళం జిల్లా ఆయనది. మేకులు పాతింది, ఫోటోలు తీసింది, నాచు పొట్లాలు కట్టింది, ఒక్కో పొట్లంలో చీటీ పెట్టింది ఆయనే. రెండో వేసవిలో కూడా.

ఆ చీటీలు నా బల్ల మీదికి వచ్చాయి. డీజిల్ మరకలు, తడిసి ఉబ్బిన కాగితం, పెన్సిలు రాత. సగం చీటీల మీద 'ధూప్ సైడ్, నార్త్' అని ఉంది. అంటే ఎండ పక్క, ఉత్తరం. మిగతా సగం మీద నీడ పక్క, దక్షిణం.

చదవగానే నవ్వొచ్చింది. మూడేళ్ళు కుమావూఁలో నాచు ఏరినదాన్ని కదా. అక్కడ పసిపిల్లనడిగినా చెబుతుంది, కొండకు ఎండ తగిలేది దక్షిణపు వాలు మీద, నీడా చెమ్మా ఉండేది ఉత్తరపు వాలు మీద అని. పాపం ఈయన దిక్సూచి తిరగేసి పట్టుకున్నాడు, ఎండ ఏదో నీడ ఏదో మాత్రం కళ్ళకు కనబడేదే కాబట్టి అది తప్పు రాసి ఉండడు, అని నాలో నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

మా ప్రయోగశాలలో ఒక అలవాటు ఉండేది. బయటనుంచి వచ్చిన మాసిన చీటీలను చక్కని చేతిరాతతో కొత్త కాగితం మీద ఎక్కించి, పాతవి పారేయడం. ఫెయిర్ కాపీ అనేవాళ్ళం. నా చేతిరాత మీద నాకు మహా గర్వం. ఎండ పక్క పొట్లాలన్నిటికీ ముచ్చటగా 'దక్షిణం' అని, నీడ పక్కవాటికి 'ఉత్తరం' అని రాశాను. ఎండ, నీడ అన్న మాటలు వదిలేశాను, దిక్కు ఉంటే చాలని. ఫోటోలు కూడా అదే ప్రకారం కవర్లలో సర్దాను. ఆయన చీటీలు బుట్టలోకి వెళ్ళాయి. రెండేళ్ళూ అంతే. ఇంత చిన్న సంగతి ఎవరికి చెప్పాలి అనుకుని ఎవరికీ చెప్పలేదు.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి ఆరేళ్ళు పట్టింది.

తలకిందులైన పట్టిక

మూడో వేసవిలో ఒక శాస్త్రవేత్తే ఆ పని చూశారు. అచ్చువేసిన శుభ్రమైన లేబుళ్ళు, ఉత్తరం, దక్షిణం అంతే. వాటిని నేను తిరగరాయాల్సిన పని పడలేదు. మూడేళ్ళ లెక్కలు పక్కపక్కన పెడితే అంతా తలకిందులు. మొదటి రెండేళ్ళూ దక్షిణం పక్క నాచు దట్టంగా, ఉత్తరం పక్క పల్చగా ఉంది. మూడో ఏడు ఉన్నట్టుండి ఉత్తరం దట్టంగా, దక్షిణం పల్చగా. నాచు ఏడాదికి గోరుమందం పెరిగితే గొప్ప. ఒక్క ఏడాదిలో గుట్ట దాటి అవతలికి వెళ్ళదు.

"మొదటి రెండేళ్ళూ తెచ్చిందెవరు?" అన్నారు మాథుర్ సారు మీటింగులో.

నేనే జవాబు చెప్పాను. "ఆ మెకానిక్ సార్. అతని చీటీల్లో దిక్కులు కూడా తప్పుగా ఉండేవి."

అన్నది అంతే. నేను వాటిని మార్చానని మాత్రం అనలేదు. నేను దిద్దాక కూడా ఇంత గందరగోళం మిగిలిందంటే ఆయన ఇంకెన్ని కలిపేశాడో అనే నా మనసులో ఉంది. నిజంగానే అలా నమ్మాను. ఆ సాయంత్రమే సైన్యానికి ఒక ఉత్తరం వెళ్ళింది, హవల్దారు అప్పలనాయుడికి శాస్త్రీయమైన పనులు అప్పగించవద్దని. బృందంలో ఆయన పేరు మళ్ళీ రాలేదు.

ఆరో ఏడు పూర్తయ్యేసరికి పైనుంచి ఒత్తిడి వచ్చింది. మొదటి రెండేళ్ళు పనికిరావంటే మిగిలింది నాలుగే, అందులో కూడా మార్పు చిన్నదే, దీన్ని మూసేయండి అన్నారు. మూసేయాలంటే ఫైలులో ఆ రెండేళ్ళ తప్పు గురించి తప్పు చేసినవాడి వాంగ్మూలం ఒకటి ఉండాలట. "సుగుణా, నువ్వు తెలుగుదానివి. కంటోన్మెంట్ వెళ్ళి ఆయనతో మాట్లాడి రాయించుకురా" అన్నారు సారు.

ఆరేసిన బట్టలు

జనవరి ఆదివారం. చర్చి అయ్యాక బస్సెక్కి ఢిల్లీ కంటోన్మెంట్ వెళ్ళాను. వరసగా పసుపురంగు క్వార్టర్లు. ముందున్న కాస్త జాగాలో ఒకావిడ తాడు మీద బట్టలు ఆరేస్తోంది. ఉన్ని స్వెట్టరులో పన్నెండేళ్ళ పిల్ల ఒకతి లోపలికి తొంగిచూసి, "పాపా, కోయీ ఆంటీ ఆయీ హైఁ" అని వాళ్ళ నాన్నను కేకేసింది.

ఆయన బయటికొచ్చారు. నలభై దాటిన మనిషి, బలమైన చేతులు. నేను ఎక్కడినుంచి వచ్చానో చెప్పగానే ముఖంలో వెలుగొచ్చింది, అంతలోనే తగ్గింది. "రండి మేడమ్, కూకోండి. ఎండలో కుర్చీ ఏత్తాను" అన్నారు. భార్య పార్వతి ఇంకా బట్టల దగ్గరే ఉంది. పొద్దుటినుంచి పొగమంచు విడవలేదు, అప్పుడప్పుడే ఎండ వస్తోంది. "ఈ సలికి మూడ్రోజులైనా ఆరవు, ఏటి సేత్తాం" అని విసుక్కుంటూ తాడు విప్పి ఇవతలి పక్కకి కట్టింది.

అప్పలనాయుడుగారు నవ్వారు. "ఇక్కడ దచ్చినం పక్క కట్టాల. అక్కడైతే ఉత్తరం పక్క కట్టీవోళ్ళం. అలవాటయిపోయి, వొచ్చిన కొత్తల్లో ఇంట్లో కూడా అటే కట్టీసినాను. ఇది తిట్టింది."

నా చేతిలో వాంగ్మూలం కాగితం ఉంది. "ఏ పక్క?" అన్నాను.

"ఉత్తరమండి. అక్కడ ఎండాకాలం సూరీడు ములిగిపోడు కదండీ, సుట్టూ తిరుగుతుంటాడు. కానీ మద్దినేల ఉత్తరానే పైకుంటాడు, ఎండంతా ఆ పక్కే. మా సాక్సులన్నీ అటే ఆరేసీవోళ్ళం. తెలీక దచ్చినం పక్కేసినోడి సాక్సులు కర్రల్లాగ బిగుసుకుపోయీవి."

ఎనిమిదో తరగతి భూగోళం పుస్తకంలో ఉన్న సంగతి అది. భూమధ్యరేఖకు బాగా దక్షిణాన మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నా తలకు అది తెలుసు. కుమావూఁలో తిరిగిన నా చేతికి తెలియలేదు, ఆ చేతే చీటీలు రాసింది.

పార్వతిగారు టీ ఇచ్చారు. ఏం తాగానో తెలియదు.

"నా గాట్లు సూసినారా మేడమ్?" అన్నారు ఆయన.

"గాట్లా?"

ఆయన లోపలికెళ్ళి పనిముట్ల సంచీలోంచి ఇనుము అరగదీసే ఆకురాయి తెచ్చి చూపించారు. "కాగితం తడిసిపోద్దేటోనని బయమండి నాకు. అందుకని దీంతోటి మేకు తలకాయ మీద గాటెట్టీసినాను. ఎండ పక్కకి ఒకటి, నీడ పక్కకి రెండు. ఇనప మీద రాసింది ఎక్కడికీ పోదు కదండీ."

వాంగ్మూలం మాట ఎత్తలేదు. తప్పు నాదని కూడా చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఆ పిరికితనం నేనే ఒప్పుకోవాలి. లేచి వస్తుంటే గుమ్మం దగ్గర ఆయన మెల్లగా అడిగారు. "మేడమ్, వొచ్చే ఏడు నాకు పించను. ఆ లోపల ఇంకొక్కసారి అక్కడికెళ్ళాలని ఉందండి. రెండుసార్లు కాగితమెట్టినాను, ఎనక్కొచ్చింది. మీరేటైనా ఓ మాట సెప్పగలరా?"

చూస్తానన్నాను.

భూతద్దం

మర్నాడు ఆరేళ్ళ ఫోటో కవర్లూ బల్ల మీద పరిచి భూతద్దం పట్టుకున్నాను. రెండు రోజులు కూర్చున్నాను. కొన్ని ఫోటోల్లో మేకు తల మంచులో మునిగి ఉంది, కొన్నిట్లో మసక. కనబడినవి మాత్రం స్పష్టం. నేను 'దక్షిణం' అని ముచ్చటగా రాసిన మొదటి రెండేళ్ళ కవర్లలో ఒంటిగాటు మేకులు. తరవాతి నాలుగేళ్ళ 'ఉత్తరం' కవర్లలో అవే ఒంటిగాటు మేకులు. ఒక మేకు కొద్దిగా వంగి ఉంటుంది, అది కూడా ఆరేళ్ళూ అలాగే వంగి ఉంది. గాటు కనబడని వాటిని కనబడలేదనే రాసిపెట్టాను, ఊహించి పూరించలేదు. ఆపాటి బుద్ధి అప్పటికి వచ్చింది.

మొదటి రెండేళ్ళనూ తిరగేసి గీతలు మళ్ళీ గీశాను. అప్పుడు చూడాలి! ఆరేళ్ళ చిక్కుముడి ఒక్కసారిగా విడిపోయింది. ఎండ పక్క దట్టంగా మొదలైన నాచు ఏటికేడు తగ్గుతూ వచ్చింది. దానికి నీళ్ళిచ్చే మంచుమేట ఫోటోల అంచుల్లోనే ఏటా కుంచించుకుపోతోంది. వేసవి మధ్యలోనే నీరు ఆగిపోయి, పచ్చటి నాచు ఎర్రబడి, బూడిదరంగుకు తిరుగుతోంది. నా గాజు పళ్ళేల్లో కూడా అదే కథ, ఆ పక్క నీటి ఎలుగులు తగ్గాయి, ఎండకు ఓర్చే మొండి పురుగులు మిగిలాయి. నీడ పక్క దానికి ఎదురు. ఒకప్పుడు వేసవంతా మంచు కింద పడుకున్న రాయి ఇప్పుడు కొన్ని వారాలు బయటపడుతోంది, నీరు జారుతోంది, కొత్త నాచు పుడుతోంది.

వేడెక్కితే నాచుకు మేలా కీడా అని అప్పట్లో అందరూ ఒకే జవాబు వెతికేవారు. ఒకే గుట్టకు రెండు పక్కలా రెండు జవాబులు మా చేతిలో ఉన్నాయి, ఆ రెంటినీ కలిపేది నీరు. ఆరేళ్ళ లెక్కతో ఖండం మొత్తానికి తీర్పు చెప్పకూడదని నాకు తెలుసు. అయినా ఆ గీతలు చూసినప్పుడు కుర్చీలోంచి లేచి గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. పక్క ఫ్యాక్టరీలో ఇనుము కొడుతూనే ఉన్నారు.

సంతోషం చల్లారాక మాథుర్ సారు గదికి వెళ్ళాను. ఆయన ఒక్కో గీతనూ పెన్సిలుతో ఏటికేడు వెంబడించి చూశారు. "షాబాష్" అన్నారు చివరికి. "దీన్ని మూయడం ఎవరి తరం కాదు. మొదటి రెండేళ్ళకు ఫీల్డ్ ఎర్రర్, ఫోటోలు చూసి సరిదిద్దాం అని రాసెయ్యి. ల్యాబ్ కా నామ్ భీ బచ్ జాయేగా."

అంటే లెక్క నిలుస్తుంది, పేరు నిలుస్తుంది, నింద హవల్దారు మీదే ఉంటుంది. చీటీలు బుట్టలో పడి ఆరేళ్ళయింది, ఎవరికీ తెలిసే దారి లేదు. ఆ మాట నాకు తియ్యగా వినబడలేదంటే అబద్ధమవుతుంది.

"సార్, అది ఫీల్డ్‌లో జరిగిన తప్పు కాదు. నా బల్ల దగ్గర జరిగింది" అన్నాను. మొత్తం చెప్పాను. చీటీ మీద ఏముందో, నేనేం రాశానో, మీటింగులో ఏమన్నానో.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోపంగా ఉన్నారని తెలుస్తూనే ఉంది. అరుస్తారనుకున్నాను. "అచ్ఛా" అన్నారు. "ప్రాజెక్టు మూయాలో వద్దో తేల్చే కమిటీ ముందు నువ్వే చెబుతావా?"

"చెబుతాను సార్."

"అయితే ఆ హవల్దారును కూడా పిలిపిస్తాను. ఆయన ఎదురుగా చెప్పు."

నేను పనిచేసిన పెద్దల్లో తెలివిగలవాళ్ళు చాలామంది ఉన్నారు. తను ఇచ్చిన తేలిక దారిని కింది ఉద్యోగి కాదంటే దాన్ని మనసులో పెట్టుకోకుండా ఇవతలికి వచ్చి నిలబడిన పెద్ద ఈయన ఒక్కరే. మీకు అలాంటి పైవాడు దొరికితే వదలకండి.

కమిటీ ముందు

ఢిల్లీలో ఒక ప్రభుత్వ భవనం, నాలుగో అంతస్తు, పొడవాటి బల్ల. అప్పలనాయుడుగారు ఇస్త్రీ యూనిఫారంలో గోడ పక్క కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. తనను ఎందుకు పిలిచారో ఆయనకు చెప్పలేదు. శిక్ష వేయడానికేమో అనుకున్నారట.

నేను లేచి గీతలు చూపించాను. తరవాత చీటీల సంగతి చెప్పాను. నా పేరుతో, ఒకటొకటిగా. ఆఖరున, "ఈ హవల్దారుగారు రాసిన ప్రతి చీటీ సరైనదే. తప్పుగా దిద్దింది నేను" అన్నాను.

కమిటీలో ఒక పెద్దాయన కాస్త అనుమానపు మనిషి. అప్పలనాయుడుగారి వైపు తిరిగి హిందీలో అడిగారు, దిక్సూచి లేకుండా ఉత్తరమని అంత గట్టిగా ఎలా చెప్పగలిగావని.

ఆయన లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు. "సాబ్, మోజే ఉసీ తరఫ్ సూఖ్‌తే థే" అన్నారు. సాక్సులు ఆ పక్కనే ఆరేవి.

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. ఆ పెద్దాయన నవ్వలేదు. లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి హవల్దారు చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ తరవాత నవ్విన వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. సంవత్సరాల తరబడి ఎన్నో మీటింగుల్లో కూర్చున్నాను. అంతమంది పెద్దవాళ్ళు ఒక మెకానిక్ కోసం లేవడం మళ్ళీ చూడలేదు.

మా మేకుల పని కొనసాగించాలని ఆ గదిలోనే తేల్చారు. ఆయన మీద వెళ్ళిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటూ మాథుర్ సారు అక్కడే ఇంకొకటి రాసి సంతకం పెట్టారు. వచ్చే బృందంలో మేకుల బాధ్యత ఆయనదే. సహాయకురాలు నేను. ఆ వరస నేను అడిగి వేయించుకున్నదే.

మెట్లు దిగుతూ క్షమించమన్నాను. ఆయన రెండు మెట్లు దిగి ఆగారు. "ఏటి తప్పు సేసినానో ఎవులూ సెప్పనేదు మేడమ్" అన్నారు. "పొట్లాలు ఒకదాన్లో ఒకటి కలిపీసినానేటోనని మూడేళ్ళు ఆలోసించినాను. రాత్తిరి పడుకుంటే మేకులే లెక్కెట్టుకునీవోణ్ణి. ముందే అడిగుంటే సెప్పీసీవోణ్ణి కదండీ."

ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. పక్కింటి అమ్మాయికి నేను చెప్పగలిగిన సలహా అదొక్కటే. ఏ చీటీ అయినా తప్పని తోస్తే ముందు రాసిన మనిషిని అడుగు. అడిగేదాకా దాన్ని దిద్దకు, పారేయకు, ఎంత మాసి ఉన్నా సరే.

మేకుల దగ్గర

ఓడలో నేను పడ్డ పాట్లు రాయను. వాంతుల గురించి చదివి ఎవరూ బాగుపడరు. గుట్ట దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆకాశం నీలంగా, గాలి చెంపలు కోస్తూ. సూర్యుడు ఎక్కడున్నాడో చూశాను. ఉత్తరాన. నా జన్మలో మొదటిసారి ఆ పక్కన చూశాను, చూసి గట్టిగా నవ్వేశాను. అప్పలనాయుడుగారు కూడా నవ్వారు.

ఒంటిగాటు మేకుల చుట్టూ నాచు బూడిదరంగులో, వేలు తగిలితే పొడిగా రాలుతోంది. ఏళ్ళ తరబడి పళ్ళేల్లో చూసిన దానికి అది మూలస్థానం. బాధగానే ఉంది, ఎందుకు ఉండదు. అవతలి పక్కకు దిగితే, రెండుగాట్ల మేకుల నడుమ, మొదటి ఫోటోల్లో వట్టి రాయి ఉన్నచోట, వేలిగోరంత పచ్చదనం. సన్నటి నీటిజాడ దాన్ని తడుపుతూ పోతోంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాను.

ఆ పచ్చదనానికి కొత్త మేకు పాతాలి. ఆయన పాతి, సంచీలోంచి ఆకురాయి తీసి నా చేతికిచ్చారు. "మీరెట్టండి మేడమ్" అన్నారు. గ్లౌజుల్లో చెయ్యి నిలవలేదు, రెండు గాట్లూ వంకరగా పడ్డాయి.

తరవాత రాతి మీద కూర్చుని చీటీ రాశాను. పెన్సిలు జారింది, కాగితం తడిసింది, ఆయన చేతి డీజిల్ మరక ఒకటి అంటుకుంది. నీడ పక్క, దక్షిణం. బాధ్యుడు ఆయనే కాబట్టి సంతకం ఆయన పెట్టాలి. చీటీ ఇచ్చాను. హవల్దారు అప్పలనాయుడుగారు దాన్ని ఒకసారి చదివారు, తలెత్తి సూర్యుణ్ణి చూశారు, గుట్టను చూశారు, మేకు మీద నా గాట్లు వేలితో తడిమి లెక్కపెట్టుకున్నారు.

"సరిగ్గానే రాసినారండి" అని సంతకం పెట్టారు.